తొక్కిన మంచు

ఆ ఏడు చలి ఆలస్యంగా వచ్చింది. వచ్చింది కూడా ఇష్టం లేని చుట్టంలా వచ్చింది. ఒకరోజు ముక్కు కొరికేది, మర్నాడు మెత్తబడేది. ఉత్తరాన ఉన్న ఆ ఊరికి నది గడ్డకడితే తప్ప రోడ్డు లేదు; మామూలుగా అయితే ఈపాటికి ఆ గడ్డ మీద లారీలు తిరుగుతుండాలి. ఇప్పుడు నక్కలు తప్ప ఏమీ తిరగడం లేదు. కొట్లో బంగాళాదుంపలు అయిపోయాయి. పాలపొడి విమానంలో దిగి బంగారంలా అమ్ముడుపోతోంది. పొద్దున్నే ఊరి రేడియోలో జెరోమ్ గొంతు సవరించుకునేవాడు.

"ఈరోజు కూడా రోడ్డు లేదు తల్లులారా. కుందేలు ఉన్నవాళ్ళు కూర వండుకోండి. లేనివాళ్ళు పక్కింటి కూర వాసన చూసి సరిపెట్టుకోండి."

ఊరంతా అది విని ఉసూరుమనేది. మటిల్డా టీచరు మాత్రం పొయ్యిలో ఇంకో కట్టె వేసి, ఎవరికీ వినపడకుండా ఊపిరి వదిలేది. ఇంకో రోజు గడిచింది అనుకునేది.

రోడ్డు పడితే కార్లీన్ వస్తుంది. కార్లీన్ మటిల్డా చెల్లెలి కూతురు. చెల్లెలు పోయాక మటిల్డాయే పెంచింది. ఆ పిల్లకు పెళ్ళి కాకుండానే పాప పుట్టింది. తండ్రి వేరే ఊరివాడు, తన దారిన తాను పోయాడు. పాప ఇంకా పాకుతుండగానే కార్లీన్‌కు దక్షిణాన పట్నంలో నర్సు చదువుకు సీటు వచ్చింది. "ఒక్క చలికాలం చూసుకో పెద్దమ్మా" అని పాపను ఒళ్ళో పెట్టి వెళ్ళింది. చదువు సాగింది, మధ్యలో ఆగింది, మళ్ళీ సాగింది. తర్వాత ఉద్యోగం. ఆ తర్వాత ఉండడానికి ఇల్లు దొరకలేదు. ఇప్పుడు దొరికింది. పాపకు బళ్ళో చోటు కూడా దొరికింది. పాప పేరు డెలీనా. ఆరేళ్ళు నిండి, పై పళ్ళు రెండూ ఊడి, మటిల్డా దగ్గరే ఒకటో తరగతి చదువుతోంది.

పొద్దున ఇద్దరూ చీకట్లోనే లేచేవాళ్ళు. మటిల్డా పొయ్యి రాజేసి గంజి కాచేది. డెలీనా పొయ్యి ముందు నిలబడితే ఒక్కొక్కటే తొడిగేది. లోపలి మేజోళ్ళు, పై మేజోళ్ళు, రెండు చొక్కాలు, కోటు, మెడకు గుడ్డ. చివరికి పిల్ల చేతులు పక్కకు చాపుకుని బొంతలా తయారయ్యేది.

"అమ్మమ్మా, ఒంటికి వస్తోంది."

"ఇప్పుడా చెప్పేది? కోటు తొడగక ముందు అడిగానా లేదా?"

"అప్పుడు రాలేదు."

మళ్ళీ అన్నీ విప్పాల్సిందే. దారిలో కాకులు చెత్తసంచుల మీద కొట్లాడుకుంటుంటే, కరెంటు యంత్రం రొద వింటూ బడికి నడిచేవాళ్ళు. బళ్ళో డెలీనా కూడా "టీచర్" అనే పిలవాలి. అది వాళ్ళిద్దరి ఒప్పందం. తలుపు దాటగానే పిల్ల ముఖం పెద్దదాన్నయ్యానన్నట్టు మారిపోయేది.

తరగతి గదిలో తడి చేతితొడుగులు వేడి గొట్టం మీద ఆరుతుంటే ఉన్ని వాసన వేసేది. ఇళ్ళు ఇరుకై రాత్రి నిద్ర చాలని పిల్లలు కొందరు బల్ల మీద తల వాల్చేవారు. మటిల్డా వాళ్ళను లేపేది కాదు. పాఠం చెప్పే గొంతు కాస్త తగ్గించేది.

ఆ ఊళ్ళో ఒక పద్ధతి ఉంది. నది గడ్డకట్టి మనిషి బరువు మోయగానే, దాటే చోట మంచును తొక్కాలి. నది మీద పడిన మంచు దుప్పటి లాంటిది. అది మెత్తగా కప్పి ఉన్నంతకాలం కింద నీళ్ళు వెచ్చగా ఉంటాయి, గడ్డ మందం కాదు. తొక్కి అణిస్తే చలి కిందికి దిగుతుంది. గడ్డ మందమై ముందు చిన్న బండ్లను, తర్వాత లారీలను మోస్తుంది. తాతల కాలం నుంచీ పిల్లలే కాలు దిగబడని వెడల్పాటి మంచు చెప్పులు కట్టుకుని వరసగా నడిచి ఆ పని చేసేవాళ్ళు. బరువు తక్కువ, ఉత్సాహం ఎక్కువ. తర్వాత యంత్రాలు వచ్చాయి. ఈ ఏడు యంత్రం పాడై కూర్చుంది. దాని ముక్క విమానంలో రావాలి. విమానమేమో పాలపొడికే చాలడం లేదు.

నదిని చూసుకునేది మటిల్డా తమ్ముడు ఇసడోర్. పిల్లల్ని ఎప్పుడు దింపాలో మాత్రం యంత్రాలు రాకముందు నుంచీ మటిల్డా మాటే. ఆమె సరేనంటే మిగతా తరగతులూ కదులుతాయి. ఒక మధ్యాహ్నం ఇసడోర్ తరగతి తలుపు దగ్గర నిలబడ్డాడు. మీసాల మీద మంచు పేరుకుంది.

"ఏంటక్కా, పిల్లల్ని ఎప్పుడు పంపుతావు? గడ్డ మనుషుల్ని బాగానే మోస్తోంది. పైన మంచేమో మోకాలి దాకా ఉంది."

"బయట చలి చూశావా? గాలి ఎలా ఉందో."

"చలి లేకపోతే ఎలా తొక్కుతారు, ఎండాకాలం తొక్కుతారా?"

"ఇద్దరు దగ్గుతున్నారు."

"దగ్గా! మన నాన్న ముక్కు ఊడిపడే చలిలో తొక్కించాడు మనచేత."

"అందుకే నీ ముక్కు అలా ఉంది."

పిల్లలు కిసుక్కున నవ్వారు. ఇసడోర్ కూడా నవ్వి, ముక్కు తడుముకుని వెళ్ళిపోయాడు. మళ్ళీ వచ్చాడు. ఈసారి లెక్కల పరీక్ష అంది మటిల్డా. ఇంకోసారి వచ్చాడు. చెప్పులకు తోలు పట్టీలు తెగాయి, కుట్టాలి అంది. నిజంగా తెగినవి తెగాయి. కుట్టడానికి ఒక సాయంత్రం చాలు. ఆమె వాటిని గోడకు అలాగే వేలాడదీసి ఉంచింది.

ఇసడోర్ ఆ పట్టీలు చూశాడు. అక్క ముఖం చూశాడు. ఈసారి నవ్వకుండా వెళ్ళాడు.

ఆ సాయంత్రం కార్లీన్ ఫోన్ చేసింది. డెలీనా ఫోన్ తెరకు నోరు ఆనించి పళ్ళ ఖాళీ చూపించింది.

"కనిపిస్తోందా అమ్మా?"

"గొంతు దాకా కనిపిస్తోంది తల్లీ. పొద్దున ఏం తిన్నావో కూడా కనిపిస్తోంది."

"రోడ్డు పడగానే వస్తావుగా?"

"వస్తాను. బండి అడిగి పెట్టుకున్నాను. పెద్దమ్మకు ఇవ్వు."

మటిల్డా ఫోన్ తీసుకుని వంటింట్లోకి నడిచింది.

"పెద్దమ్మా, దానికి చెప్పావా? నాతో వచ్చేయాలని?"

"చెప్తాలే. రోడ్డు పడనీ."

"నేను చెప్పనా?"

"వద్దు. ఫోన్లో చెప్పే మాట కాదది. నేను చెప్తాను."

చెబుదామనే పక్క మీద కూర్చుంది. పిల్ల చల్లటి పాదాలు ఆమె కడుపుకు ఆనించి, "అమ్మ వస్తే ఏం వండుదాం?" అని అడిగింది. మూస్ దుప్పి మాంసం పులుసు అని చెప్పింది మటిల్డా. ఇంకేమీ చెప్పలేదు.

తర్వాత ఒకరోజు ఆటల విరామం అయి పిల్లలు లోపలికి వచ్చారు. ముక్కులు తుడుచుకుంటూ, కోట్లు విదిలిస్తూ కూర్చున్నారు. డెలీనా బల్ల ఖాళీగా ఉంది.

"డెలీనా ఏది?"

ఎవరికీ తెలియదు. మరుగుదొడ్డిలో లేదు. నడవాలో లేదు. మటిల్డా గోడ వైపు చూసింది. తెగిన చెప్పుల పక్కన బాగున్న జత ఒకటి ఉండాలి. అది లేదు. ఆమె కోటు బొత్తాలు కూడా పెట్టుకోకుండా బయటికి పరిగెత్తింది. పక్క తరగతి టీచరు వెనక నుంచి ఏదో అడిగింది, వినపడలేదు.

ఒడ్డు నుంచి చూస్తే నది తెల్లగా, చదునుగా, ఎక్కడా ఏమీ లేకుండా ఉంది. గట్టి గడ్డ ఎంతవరకో చెప్పడానికి ఇసడోర్ పాతిన చెట్టు కొమ్మలు వరసగా ఉన్నాయి. ఆ వరసకు ఆవల, ప్రవాహం గడ్డను పలచగా కొరికే వైపు, ఎర్ర కోటు ఒకటి కిందికీ పైకీ కదులుతోంది.

మటిల్డా కేక వేయలేదు. కేక వేస్తే పిల్ల పరిగెత్తుతుంది. పరిగెత్తే కాలు బరువుగా పడుతుంది. అది ఆ ఊళ్ళో పాలు తాగే పిల్లకు కూడా నేర్పే సంగతి. నెమ్మదిగా, బళ్ళో పిలిచే గొంతుతో పిలిచింది.

"డెలీనా, వెనక్కి తిరిగి, నీ అడుగుల్లోనే అడుగులేస్తూ నా దగ్గరికి రా. ఆడుతూ రాకు. ఊరికే నడిచి రా."

పిల్ల తన అడుగుల్లోనే అడుగులు వేస్తూ వచ్చింది. కొమ్మల వరస దాటగానే మటిల్డా దాన్ని లాగి కోటులో దూర్చుకుంది. అలాగే మంచులో కూర్చుండిపోయింది.

"ఎందుకొచ్చావే ఇక్కడికి? ఎందుకొచ్చావు?"

"తొక్కడానికి. నువ్వు తీసుకెళ్ళట్లేదుగా. తొక్కకపోతే అమ్మ ఎలా వస్తుంది?"

మటిల్డా వెనక్కి చూసింది. కొమ్మల ఆవల మంచులో పిల్ల తొక్కిన చోటు చాప పరిచినంత ఉంది. నది అంతటిలో అంతే.

ఆ సాయంత్రం పట్టీలన్నీ కుట్టింది. మర్నాడు బడి మొత్తాన్నీ నది మీదికి నడిపించింది. ఇసడోర్ ముందు నడుస్తూ గునపంతో గడ్డను పొడిచి చూసుకుంటూ, పక్కలకు కొమ్మలు పాతుకుంటూ పోయాడు. వెనక మటిల్డా. ఆమె వెనక పిల్లలు మోచేతులు కలుపుకుని వరసగా. అవతలి ఒడ్డు దాకా, మళ్ళీ ఇవతలికి. ఒడ్డున ఎవరో మంట వేసి టీ కాచారు. పెనం మీద కాల్చిన బానక్ రొట్టెకు కొవ్వు రాసి పంచారు. ఒకడు పడితే వరసంతా పడేది, నవ్వులతో నది ఘొల్లుమనేది.

"ఏంటక్కా, దగ్గు తగ్గిందా పిల్లలకి?" అన్నాడు ఇసడోర్ టీ అందిస్తూ.

"తగ్గింది."

"పాపకి చెప్పావా?"

మటిల్డా టీ ఊదుకుంది.

"చెప్పు అక్కా. నేను చెప్పేది ఇంతే."

ప్రతి మంచు తర్వాతా తొక్కారు. చలి కూడా మనసు మార్చుకుని గట్టిగా పట్టింది. తన కాలి కింద మంచు కిర్రుమని అణిగినప్పుడల్లా మటిల్డాకు ఆ చప్పుడు ఒంట్లో ఎక్కడో తగిలేది. పిల్లల ముందు నడిచేది తనే కాబట్టి ఎక్కువ తొక్కింది కూడా తనే.

చివరికి ఒక పొద్దున జెరోమ్ రేడియోలో ఈల వేశాడు. "చిన్న బండ్లు రావచ్చు. నది దగ్గర డ్రైవరు తప్ప అందరూ దిగి నడవాలి. లావుగా ఉన్న డ్రైవర్లు ముందు ప్రార్థన చేసుకోండి."

కార్లీన్ రెండో రోజుకల్లా వచ్చింది. దారంతా నిద్ర లేక కళ్ళు గుంటలు పడ్డాయి. డెలీనా మొదట తలుపు చాటున నిలబడింది. ఫోన్లో అంగుళమంత ఉండే అమ్మ ఇంత పొడుగు ఉంటుందని అనుకోలేదేమో. కాసేపటికి దగ్గరికి వచ్చి అమ్మ కోటు తాకింది. ఇంకాసేపటికి ఒళ్ళో ఎక్కింది. ఆ తర్వాత నోరు ఆగలేదు. పులుసు తిన్నంతసేపూ తను నది ఎలా తొక్కిందో చెప్పింది. తిన్నాక అమ్మ చెయ్యి పట్టుకుని గదిలోకి లాక్కెళ్ళింది.

"ఇదిగో, నువ్వు ఇక్కడ పడుకో. నేను మధ్యలో. అమ్మమ్మ గోడ పక్కన, ఎందుకంటే గురక పెడుతుంది. నీ బట్టలు ఈ పెట్టెలో పెట్టుకో, నేను సగం ఖాళీ చేశాను."

కార్లీన్ ఆ పెట్టె చూసింది. సగం నిజంగానే ఖాళీగా ఉంది. మెల్లగా తల తిప్పి మటిల్డా వైపు చూసింది.

"చెప్పలేదా పెద్దమ్మా?"

మటిల్డా గడప పట్టుకుని నిలబడింది. ఏళ్ళ తరబడి పిల్లలకు అన్నీ చెప్పిన నోరు. ఆ ఒక్క మాట మాత్రం పెగల్లేదు.

కార్లీనే చెప్పింది. పిల్లను మోకాళ్ళ మధ్య నిలబెట్టుకుని, కొత్త ఇల్లు, కిటికీ ఉన్న గది, బడి అంటూ చెప్పింది. డెలీనా విన్నంతసేపు విని, పొయ్యి వెనక కట్టెల సందులోకి దూరింది.

"నేను తొక్కింది నువ్వు రావడానికి," అంది లోపలి నుంచి. "నేను పోవడానికి కాదు."

ఎంత పిలిచినా బయటికి రాలేదు. అక్కడే నిద్రపోతే మటిల్డా ఎత్తుకొచ్చి పడుకోబెట్టింది.

పొద్దున కార్లీన్ బల్ల ముందు కూర్చుంది. టీ చల్లారిపోయింది. మధ్యాహ్నం దాటితే గాలి లేస్తుంది, బయల్దేరాలంటే ఇప్పుడే బయల్దేరాలి.

"నువ్వే ఉంచుకో పెద్దమ్మా," అంది. "అది నన్ను ఎరగదు. నేనే ఆలస్యం చేశాను. ఏడిపించి తీసుకెళ్ళి ఏం చేయను?"

మటిల్డా ఏమీ అనక్కర్లేదు. ఊరుకుంటే చాలు. కట్టె ఒకటి పొయ్యిలో వేసి, ఇంకో కప్పు టీ పోసి ఊరుకుంటే, ఇల్లు నిన్నటిలాగే ఉంటుంది. రేపు పొద్దున మళ్ళీ రెండు మేజోళ్ళు, రెండు చొక్కాలు.

మటిల్డాకు ఆరేళ్ళప్పుడు ఒకరోజు వాళ్ళమ్మ కొత్త తోలు జోళ్ళు తొడిగింది. తల దువ్వింది. నది మీద విమానం దిగింది, చూసొద్దాం రా అంది. అంతే చెప్పింది. విమానం తలుపు మూసుకున్నాక కానీ మటిల్డాకు తెలియలేదు చూడ్డానికి కాదని. ఆ రోజుల్లో సర్కారు ఊరి పిల్లల్ని తీసుకుపోయి ఉంచే దూరపు బడిలో మొదటి చలికాలం అంతా ఆమె ఏడ్చింది అమ్మ కోసం కాదు. అమ్మ ఎందుకు చెప్పలేదా అని. అమ్మకు నోరు రాలేదని తెలుసుకునేసరికి తను పెద్దదైంది, అమ్మ లేదు.

"తీసుకెళ్ళు," అంది మటిల్డా.

"పెద్దమ్మా..."

"నువ్వు ఉంచు అన్నావనుకో, నేను ఉంచేస్తాను. నాకు సిగ్గు లేదు. అందుకే అనకు. బండి వేడి చెయ్యి, పో."

గదిలోకి వెళ్ళి డెలీనా పక్కన కూర్చుంది. పిల్ల మెలకువగానే ఉంది, గోడ వైపు తిరిగి.

"నీకు ముందే చెప్పాల్సింది. చెప్పలేదు. భయమేసింది."

"నీకా?"

"నాకే. ఇప్పుడు అన్నీ చెప్తాను. అడుగు."

పిల్ల ఇటు తిరిగింది. ఎంత దూరం అని అడిగింది. ఒక పగలూ ఒక రాత్రీ. అమ్మ పనికి పోతే ఎవరుంటారు? పక్కింటి ఆవిడ, ఆమె కూడా మన భాషే మాట్లాడుతుంది. అక్కడ నది ఉందా? ఉంది, చిన్నది. మళ్ళీ ఎప్పుడు వస్తాను?

"మంచు కరిగి బాతులు వచ్చే రోజుల్లో నేనే వస్తాను అనుకుంటున్నాను. విమానానికి కుదరాలి. కుదరకపోతే ఎండాకాలం నువ్వు వస్తావు. ఏది అవుతుందో నాకు తెలియదు. తెలియనిది తెలుసని చెప్పను."

పిల్ల లేచి కూర్చుని చేతులు చాపింది. మటిల్డా ఒక్కొక్కటే తొడిగింది.

నది దగ్గర కార్లీన్, గడ్డ విరిగితే దూకడానికి వీలుగా బండి తలుపులు రెండూ తెరిచి పెట్టుకుని, నడక కంటే నెమ్మదిగా గడ్డ మీదికి దించింది. నియమం ప్రకారం మిగతావాళ్ళు దూరంగా వెనక నడవాలి. మటిల్డా, డెలీనా చేతులు పట్టుకుని నడిచారు.

"ఇక్కడ నేను పడ్డాను," అంది డెలీనా. "ఇక్కడ అందరం పడ్డాం."

"గుర్తుంది."

"నేను లేకపోతే నీ పక్కన ఎవరు పడుకుంటారు?"

"ఎవరూ పడుకోరు."

"చలేస్తుందిగా నీకు."

"వేస్తుంది."

"ఇంకో దుప్పటి కప్పుకో."

"కప్పుకుంటాను."

పిల్ల తలాడించింది, ఆ సంగతి తేలిపోయినట్టు. మటిల్డా అడుగులు చిన్నవి చేసింది. పిల్ల కూడా చిన్నవి చేసింది. ఎంత చిన్నవి చేసినా అవతలి ఒడ్డు వచ్చింది.

బండిలో కూర్చోబెట్టి బెల్టు కట్టి, మెడకు గుడ్డ సరిచేసింది. కార్లీన్ కిందికి దిగి పెద్దమ్మ మెడ పట్టుకుని ఏడ్చింది. డెలీనా ఏడవలేదు. అద్దం మీద ఊపిరి ఊది, వేలితో తుడిచి, ఆ కాస్త ఖాళీలోంచి చూస్తూ ఉండిపోయింది. బండి చెట్ల మధ్యకు తిరిగేదాకా మటిల్డా అక్కడే నిలబడింది. తిరిగాక కూడా, శబ్దం వినపడినంతసేపూ నిలబడింది. ఆ తర్వాత ఇంకాసేపు.

వెనక్కి వస్తుంటే నది మధ్యలో ఇసడోర్ మంచుబండి మీద ఎదురొచ్చాడు.

"ఎక్కు అక్కా. బడి వేళ దాటిపోయింది."

"పిల్లలు?"

"జెరోమ్ కూర్చున్నాడు వాళ్ళతో. బింగో నేర్పుతున్నాడు. అంకెలు తొందరగా వస్తాయట."

మటిల్డా వెనక ఎక్కి తమ్ముడి కోటు పట్టుకుంది. ఒడ్డు ఎక్కాక బడికి దగ్గర దారి ఉంది, చర్చి పక్క నుంచి. ఇసడోర్ అటు తిప్పలేదు. ఊరి చివరిదాకా పోయి, విమానాల మైదానం చుట్టూ, నెమ్మదిగా, చాలా నెమ్మదిగా నడిపాడు. మటిల్డా తమ్ముడి వీపుకు ముఖం ఆనించుకుంది.